అక్క ఆది జాకెట్టు

ఉదయం పదకొండూ పది నిమిషాలకు వికారాబాద్‌లో ఒక టైలర్ నన్ను, "ఆది తెచ్చినరా మేడం?" అని అడిగాడు. ఆయన తల వెనక గోడ గడియారం ఉంది కాబట్టి సమయం గుర్తుండిపోయింది. ఆ మాట ఆయన రోజుకు ఎంతమందినో అడుగుతాడు. నన్ను ఎవరైనా అడగడం మాత్రం అదే మొదటిసారి.

ఆది అంటే మన ఒంటికి సరిగ్గా పట్టిన పాత జాకెట్టు. కొత్త గుడ్డతో పాటు దాన్నీ ఇస్తే, టైలర్ దాన్ని గుడ్డ మీద పరిచి చుట్టూ సుద్దతో గీసి ఆ ప్రకారం కత్తిరిస్తాడు. ఆడవాళ్లకు ఇది చెప్పనక్కర్లేని సంగతి. నేను అరవై దాటినదాన్ని, అయినా ఏ టైలర్‌కూ ఆది ఇచ్చిన అనుభవం నాకు లేదు. నా జాకెట్లన్నీ తాండూరులో మా అక్క కుట్టేది. అక్క పోయి ఏడాది కావస్తోంది. ఆ ఏడాది నాటి కార్యానికి కట్టుకుందామని ఒక బూడిద రంగు చీర తీసుకున్నాను. దాని జాకెట్టు గుడ్డే చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"ఆది లేదు. టేపుతో తీసుకోండి," అన్నాను.

"తీస్కోవచ్చు మేడం. గని టేపుతోని తీస్తే రేపు మీరే వచ్చి, ఈడ గుంజింది, ఆడ లూజున్నది అంటరు. ఆది ఉంటే ఫికర్ లేదు. అదెట్లున్నదో గట్లనే కుడ్త. మంచిగొచ్చినా, చెడిపోయినా ఆదిదే జిమ్మేదారి. నాది గాదు."

పక్కన చీరకు ఫాల్ వేయించుకోవడానికి వచ్చిన ఒకావిడ నవ్వింది. "నిజమే చెప్పిండు. మొన్న నేను యాది మరిచి మా ఆడిబిడ్డ రైక ఆదిచ్చిన. పట్టు గుడ్డ. ఇప్పుడు ఆమెనే తొడుక్కుంట తిరుగుతున్నది."

"నేను అడిగిన్నా లేదా? ఇది మీదేనా అమ్మా అని?" అన్నాడు టైలర్.

"అడిగినవులే. నా ఖర్మ."

రేపు తెస్తానని చెప్పి గుడ్డ వెనక్కి తీసుకున్నాను.

దారిలో బస్టాండు దగ్గర చామంతులు కొన్నాను. అక్క ఫోటోకు వారానికోసారి పెడతాను. పూలామె మోచేతి నుంచి వేలికొస దాకా దండ సాగదీసి మూర కొలిచింది. నీ చేయి మరీ చిన్నది కదమ్మా అన్నాను. "చేయి చిన్నదే గని మనసు పెద్దది మేడం," అని ఇంకో జానెడు తెంపింది. నేను ముప్పై ఏళ్లకు పైగా జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పాను. మొదటి ఏడాది పుస్తకంలో తొలి పాఠాల్లోనే ప్రమాణాలు, కొలతలు ఉంటాయి. మూర, జాన, అడుగు, అన్నీ ఒకప్పుడు ఎవరో ఒకరి శరీరమే అని చెప్పి, శరీరాన్ని కొలతగా పెట్టుకుంటే మనిషి మనిషికీ మారుతుందనీ, మనిషి పోతే కొలత పోతుందనీ, అందుకే ప్రపంచమంతా ఒప్పుకున్న ప్రమాణాలు పెట్టుకున్నారనీ ఏటా అదే వరసలో చెప్పేదాన్ని. చెప్పేటప్పుడు నా ఒంటి మీద ఉన్న జాకెట్టు సంగతి ఎప్పుడూ తలపుకు రాలేదు.

ఆ జాకెట్టు కొలత నాది కాదు. అక్కది.

మాది బంట్వారం వైపు ఒక పల్లె. నేను చదువుకు హైదరాబాద్ వెళ్లేటప్పుడు అక్క కొత్తగా కుట్టు నేర్చుకుంది. నాకు జాకెట్లు కుట్టాలంటే నేను ఊళ్లో ఉండేదాన్ని కాదు. అందుకని తనకు పట్టిన జాకెట్టునే ఆది పెట్టి కుట్టి, తనే తొడిగి చూసుకుని పంపేది. మా ఇద్దరిదీ ఒకే ఒడ్డూ పొడుగూ. అవి నాకు సరిగ్గా పట్టేవి. "నాకు పడితే నీకు పడ్తది, నువ్వెందుకు?" అనేది. ఆ మాట మీదే నలభై ఏళ్లు గడిచాయి. అక్క పెళ్లయి తాండూరు వెళ్లింది, కూతురు పుట్టింది, బావ పోయాడు. నేను పెళ్లి చేసుకోలేదు, వికారాబాద్‌లోనే ఉండిపోయాను. ఇద్దరం ఒక్కో ఏడు లావయ్యాం, ఒక్కో ఏడు తగ్గాం. ఎందుకో తెలియదు కానీ ఇంచుమించు కలిసే లావయ్యాం, కలిసే తగ్గాం. ఆది పాతబడి చంకల దగ్గర చిరిగితే, ఆ రోజుకు తనకు సరిగ్గా ఉన్న ఇంకో జాకెట్టు తీసి మిషన్ పక్కన మేకుకు తగిలించేది. ఇక నుంచి అదే ఆది.

అక్కకు టేపు అంటే పడదు. ఆమె టేపులో మొదటి అంగుళం ఎప్పుడో తెగిపోయింది. ఒకటి నుంచి కొలిచి, వచ్చిన అంకెలోంచి ఒకటి తీసేయాలి. కొన్నిసార్లు తీసేయడం మరిచిపోయేది. వీధిలో ఎవరి జాకెట్టైనా మరీ వదులుగా వస్తే, "ఓ, ఒకటి తీయలేదు," అని తనే నవ్వి మళ్లీ కుట్టి ఇచ్చేది. నా జాకెట్లకు టేపు ముట్టుకోలేదు కాబట్టి నాకు ఆ బాధ లేదు. నేను ఎప్పుడూ అక్క ముందు కొలతకు నిలబడలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. అక్క కడుపులో గడ్డ ఉందని తెలిసిన రోజు హైదరాబాద్‌లో డాక్టరు మమ్మల్ని ముగ్గురినీ కూర్చోబెట్టాడు. అక్క, అక్క బిడ్డ, నేను. కాగితాలు చూసి, "ఎప్పటి నుంచి బరువు తగ్గుతున్నారు?" అని అడిగాడు.

"నేనేడ తగ్గిన సార్? ఎప్పటికి గిట్లనే ఉంట," అంది అక్క.

బిడ్డ, "దసరా నుంచి కొంచెం," అంది.

డాక్టరు నా వైపు తిరిగాడు. కళ్లజోడు పెట్టుకుని చేతిలో ఫైలు పట్టుకున్నది నేనే కాబట్టి నాకు తెలిసి ఉంటుందనుకున్నాడు. "మీరు చెప్పండి మేడం."

తెలియదన్నాను.

ఇది నెలల్లో పెరిగింది కాదు, కొంచెం ముందు వచ్చి ఉంటే బాగుండేది అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు. ఎండాకాలం రాకముందే అక్క పోయింది. పోయాక అందరూ ఏవేవో అడిగారు, చెప్పారు. నాకు మాత్రం ఆ డాక్టరు ప్రశ్న ఒక్కటే మిగిలింది. ఎప్పటి నుంచి? నేను నెలకోసారి తాండూరు వెళ్లేదాన్ని. ఆమె పెట్టిన అన్నం ఆమెతో కలిసి తిన్నాను. ఒక మనిషి కళ్ల ముందు తగ్గిపోతుంటే ఎప్పటి నుంచో చెప్పలేకపోవడం ఏమిటి? జవాబు తెలిసినా అక్క రాదు. అది నాకు తెలుసు. అయినా ఏడాదంతా దాన్నే వెతికాను. ఫోన్లో ఉన్న ఫోటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి చూశాను. ఫోటోల్లో అక్క ఎప్పుడూ చెంగు నిండుగా కప్పుకునే ఉంటుంది.

సరే, టైలర్ దగ్గరి నుంచి ఇంటికి వచ్చి, ఆదికి ఏ జాకెట్టు ఇవ్వాలా అని బీరువాలోవన్నీ మంచం మీద పరిచాను. అక్క కుట్టిన ప్రతి జాకెట్టూ ఎప్పటిదో నాకు తెలుసు. ఊదా రంగుది బిడ్డ పెళ్లికి. నీలిది కరోనా రెండో ఎండాకాలంలోది, మిగిలిన ముక్కతో నాకు మాస్కులు కుట్టి పంపింది. పసుపుది నా రిటైర్మెంటు సభకు. ఆ తర్వాతవి మరికొన్ని. అన్నింటిలోకీ బాగా పట్టేది ఒకటి తీసి ఇస్తే సరిపోతుంది. కానీ ఏది బాగా పట్టేది? పసుపు దాని నుంచి ఇటువైపువన్నీ నేను పక్కకుట్లు ఇప్పుకున్నవే.

పక్కకుట్టు సంగతి కూడా చెప్పనక్కర్లేదు. జాకెట్టు కుట్టేటప్పుడు చంక కింద లోపల కొంచెం గుడ్డ వదిలి, రెండు మూడు వరసలు కుడతారు. మనిషి లావైతే లోపలి వరస ఒకటి ఇప్పుకుంటే కాస్త వదులవుతుంది. రిటైర్మెంటు సభ రోజు ఆ పసుపు జాకెట్టు చంకల దగ్గర పట్టేసింది. ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను.

"ఒక కుట్టు ఇప్పుకో," అంది. "రిటైరు కాకముందే ఒళ్లు చేసినవానే? కుర్చీల కూసొని కూసొని గంత లావైతివా?"

"నేనేం లావు కాలేదు."

"రైక చెప్తలేదా? రైక అబద్ధమాడ్తదా?"

తర్వాతిది ఇంకొంచెం పట్టేసింది. రెండు కుట్లు ఇప్పాను. ఆ తర్వాతిదానికి ఇప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. నేను రాత్రి అన్నం మానేసి ఒక జొన్నరొట్టెతో సరిపెట్టుకున్నాను. పొద్దున్నే అనంతగిరి రోడ్డు మీద సగం గుట్ట దాకా నడిచి వచ్చేదాన్ని. మందుల షాపు ముందు తూకం మిషన్ ఉంటుంది. ఎక్కి చూస్తే నా బరువు ఎప్పటిలాగే ఉంది. మిషన్ పాడైందనుకున్నాను. షాపతనికి ఆ మాట చెప్పాను కూడా. "మొన్ననే సరిచేయించినం మేడం," అన్నాడు. నేను నమ్మలేదు.

మంచం పక్కన కూర్చుని, కాలేజీ నుంచి తెచ్చుకున్న స్టీలు స్కేలు తీశాను. కుట్లు ఇప్పినా గుడ్డలో సూది పోయిన చిల్లుల వరస మిగిలే ఉంటుంది. ఆ వరస నుంచి ఈ వరసకు కొలిస్తే అక్క మొదట ఎంతకు కుట్టిందో తెలుస్తుంది. ఊదా రంగుదీ నీలిదీ ఒకటే. పసుపుది ముప్పావు అంగుళం తక్కువ. తర్వాతిది ఇంకా తక్కువ. చివరిది, అక్క ఆస్పత్రికి వెళ్లే ముందు కుట్టింది, నీలి దానికంటే రెండంగుళాలకు పైగా తక్కువ. భుజాలు, చేతులు కూడా చూశాను. అవి ఇప్పుకునేవి కావు. అవి కూడా అదే వరసలో తగ్గాయి.

నేను లావైతే నా పాత జాకెట్లు కూడా పట్టకూడదు. నీలి జాకెట్టు తొడుక్కుని చూశాను. సరిగ్గా పట్టింది.

నేను క్లాసులో ఏటా చెప్పిన సంగతి ఒకటుంది. కిలోగ్రాము అంటే ఎంత అన్నదానికి నూటముప్పై ఏళ్ల దాకా ఒకటే జవాబు. ప్యారిస్ దగ్గర ఒక నేలమాళిగలో ప్లాటినం, ఇరిడియం కలిపి చేసిన చిన్న దిమ్మె ఒకటి ఉంది. ఒకదాని మీద ఒకటి గాజు మూతలు పెట్టి దాచారు. దాని బరువెంతో అదే కిలో. దానికి నకళ్లు చేసి దేశదేశాలకు పంచారు. మనది ఢిల్లీలో ఉంది. ఎప్పుడో ఒకసారి నకళ్లను తెప్పించి అసలు దిమ్మెతో తూచి చూసేవారు. అలా చూసినప్పుడు నకళ్లలో చాలావాటికి బరువు పెరిగినట్టు కనిపించింది. ఎంతో కాదు, వేలిముద్రకు అంటుకునే జిడ్డంత. నకళ్లు పెరిగాయా, అసలుదే తగ్గిందా అన్నది తేల్చడానికి దారి లేదు. ఎందుకంటే నిర్వచనం ప్రకారం అసలు దిమ్మె తగ్గదు. అది అరిగినా కిలోనే. అది తగ్గితే, లెక్క ప్రకారం మిగతా లోకమంతా బరువెక్కినట్టు.

ఇది చెప్పినప్పుడు ఒక పిల్ల లేచి, "గదేం లెక్క మేడం? మా ఊర్ల కిరాణ షాపాయన గిట్లనే అంటడు. నా రాయి కరెక్టే, మీ ఇంట్ల రాయే బరువున్నది అంటడు," అంది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత 2019లో ఆ దిమ్మెను పక్కన పెట్టి, ప్రకృతిలో మారని ఒక రాశికి అంకె కట్టి, దాని నుంచి కిలోను రాబట్టుకోవాలని ఒప్పుకున్నారు. మీటరుకు అది అంతకు ముందే జరిగింది. మొదట భూమి చుట్టుకొలతలో ఒక భాగం అన్నారు, తర్వాత ఒక లోహపు కడ్డీ అన్నారు, ఇప్పుడు కాంతి వేగం నుంచి తీస్తున్నారు. కొత్త నిర్వచనం బోర్డు మీద రాసి, ఇక ఎవరి దగ్గరున్న వస్తువు మీదా మనం ఆధారపడనక్కర్లేదని చెప్పాను. ఆ మాట అన్నప్పుడు కూడా నా ఒంటి మీద ఉన్నది అక్క కుట్టిన జాకెట్టే.

మంచం మీద జాకెట్లు అలాగే వదిలేసి ఆ మధ్యాహ్నమే తాండూరు రైలెక్కాను. అక్క ఆది చూడాలి. నేను అనుకుంటున్నది నిజమో కాదో దానిలోనే ఉంటుంది.

అక్క ఇంట్లో ఇప్పుడు బిడ్డ ఉంటోంది. అల్లుడు బండల పాలిష్ మిషన్ దగ్గర పనికి వెళ్తాడు. ఆ వీధిలో ఎటు చూసినా రాతి పొడి, గోడల మీదా, చెట్ల ఆకుల మీదా. పక్కింట్లో సేడం వైపు నుంచి వచ్చిన ముసలామె ఎప్పటిలాగే నన్ను చూసి కన్నడంలో, "బర్రి, కూడ్రి," అని కూర్చోమన్నట్టు అరుగు చూపించింది. మళ్లీ వస్తానని లోపలికి వెళ్లాను.

బిడ్డ పప్పు గిన్నె దించుతోంది. నా చేతిలో ఉన్న గుడ్డ కవరు చూసి ఏమిటంది. చెప్పాను. పొద్దున టైలర్ దగ్గరికి వెళ్లిన సంగతి కూడా నోరు జారి చెప్పాను.

"బయట టైలరా?" అంది. "ఎందుకు చిన్నమ్మా, నేను లేనా? అమ్మ నాకు కుట్టుడు నేర్పలేదా, ఉత్తగనే మిషన్ ముంగట కూసోబెట్టిందా?"

"పిల్లలతో నీకు తీరదని..."

"తీరదని నేను చెప్పిన్నా?"

లేదన్నాను. తీరదని కాదు. అది అక్క చేసే పని. ఆ మిషన్ మీద ఇంకొకరు నా జాకెట్టు కుడుతుంటే చూడగలనో లేదో నాకు తెలియలేదు. ఆ మాట బిడ్డకు చెప్పలేదు. "అమ్మ ఆది ఉందా?" అని అడిగాను.

మిషన్ పక్కన మేకుకు అలాగే ఉంది. మెంతి రంగు జాకెట్టు, వెలిసిపోయి ఉంది. బిడ్డ తీసి ఇచ్చింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి లోపలి వైపు తిప్పాను.

మొదట కుట్టిన వరస మెంతి రంగు దారంతోనే ఉంది. దానికి లోపలగా ఇంకో వరస ఉంది, పసుపు దారంతో. ఇంకా లోపలికి నీలిది. ఆ లోపల ఎర్రది. రెండు పక్కలా అంతే. భుజాల దగ్గర కూడా మడిచి పట్టించిన కుట్లు, అవే రంగులు. అక్క తన జాకెట్టుకు దారం మార్చేది కాదు. మిషన్ మీద ఎవరి గుడ్డ తాలూకు దారం ఉంటే దానితోనే కుట్టేసేది. లోపలి కుట్టు ఎవరు చూస్తారని.

"పసుపుది చూడు," అన్నాను.

బిడ్డ దగ్గరికి వచ్చి వేలితో తడిమింది. "గీ పసుపు దారం నీ రిటైర్మెంటుదే. ఆ రంగు ఈడ దొరకలేదని నన్ను బజారంత తిప్పింది. మల్ల ఎవరికీ వాడలే."

"నీలిది?"

"బడి డ్రెస్సులది. అంటే జూన్ల. నీ రిటైర్మెంటు తర్వాతి ఏడు." ఎర్ర కుట్టు మీద వేలు పెట్టి, "ఎర్రది నాకు తెల్వదు," అంది.

నా రిటైర్మెంటు జాకెట్టు కత్తిరించే ముందు అక్క మేకుకున్న ఆది తీసి తొడుక్కుని ఉంటుంది. అది ఆమె అలవాటే, ఇంకా సరిగ్గా ఉందా అని చూసుకునేది. వదులనిపించి, మిషన్ మీదున్న పసుపు దారంతోనే ఒక కుట్టు లోపలికి వేసుకుని, దాన్నే నా గుడ్డ మీద పరిచి గీసింది. తనకు సరిపోయింది కాబట్టి నాకూ సరిపోతుంది. నలభై ఏళ్లుగా సరిపోతూనే ఉంది. తాను తగ్గితే నేనూ తగ్గి ఉంటాననే లెక్క. నాకు పట్టేసిందని ఫోన్ చేస్తే నేనే లావయ్యానంది. నేనూ అదే నమ్మాను. తూకం మిషన్ చెప్పినా నమ్మలేదు. ఆది తప్పు కావచ్చని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

మనిషి ఒంటి మీద జాకెట్టు వదులైతే వీధిలో నలుగురూ అడుగుతారు, ఏమ్మా, గిట్లయినవు, ఒంట్లో బాగలేదా అని. అక్క ఒంటి మీద జాకెట్టు ఎప్పుడూ వదులు కాలేదు. ఎప్పటికప్పుడు కుట్టు వేసుకుంది.

"డాక్టర్ అడిగిండు కదా చిన్నమ్మా," అంది బిడ్డ. "నేను దసరా నుంచి అన్న."

"ఆ దసరా కాదు. దానికి రెండేళ్ల ముందు, నా రిటైర్మెంటు నుంచి."

బిడ్డ మిషన్ ముందున్న స్టూలు మీద కూర్చుంది. "నాకు కనబడ్డయి చిన్నమ్మా ఈ కుట్లు. అమ్మనే చూపెట్టింది. చూడు, నీ పెండ్లప్పటి లెక్కనే అయిన, సన్నగైన అని నవ్వింది. నేను గూడ నవ్విన. మంచిగనే ఉన్నదమ్మా, గట్లనే ఉండు అన్న."

"నాకు ఫోన్ చేసి నేను లావైనానని నవ్వింది."

"నాతోని గూడ అన్నది. మీ చిన్నమ్మ పీపాయి లెక్క అయితున్నదే అన్నది."

ఇద్దరం కాసేపు నవ్వాం. తర్వాత బిడ్డ ఏడ్చింది. నేను కిటికీ దగ్గరే ఉన్నాను. ఏడాదిగా వెతుకుతున్న జవాబు దొరికింది. దొరికితే ఏదో అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. పప్పు వాసన వస్తోంది, బయట బండల లారీ వెనక్కి వెళ్తూ చప్పుడు చేస్తోంది.

బిడ్డ ముఖం కడుక్కుని వచ్చింది. పని చేతిలో ఉంటే నిలదొక్కుకునే మనిషి, అక్కలాగే. నా బూడిద రంగు గుడ్డ విప్పి పరిచింది. ఆది నా చేతిలోంచి తీసుకుంది. మిషన్ సొరుగులోంచి బ్లేడు తీసింది.

"గీ మూడు కుట్లు ఇప్పుతే పాత కొల్తనే వస్తది చిన్నమ్మా. నీ నీలి రైక ఎట్ల పడ్తదో గట్లనే పడ్తది. గదే పెట్టి కుడ్త."

ఆమె అన్నది నిజమే. కుట్లు ఇప్పితే ఆ జాకెట్టు మళ్లీ మా ఇద్దరి కొలతకు వస్తుంది. ఆ రెండేళ్లు దానిలోంచి పోతాయి. బ్లేడు పసుపు దారం కిందికి దూర్చబోయింది.

"ఇప్పకు," అన్నాను.

"మరెట్ల కుట్టాలె?"

"అది నాకియ్యి. టేపు తీసుకో."

బిడ్డ నా ముఖం చూసింది. ఆది మడత పెట్టి నా చేతికిచ్చింది. సొరుగులో కొత్త టేపు ఉంది, అంగుళాలన్నీ ఉన్నదే. "చేతులు లేపు," అంది. లేపాను. టేపు వెనక నుంచి తిప్పి ముందుకు తెచ్చింది. ఆమె చేతులు నా వీపుకు తగిలాయి. అక్క పోయినప్పటి నుంచి నన్ను ఎవరూ ముట్టుకోలేదని అప్పుడు తెలిసింది. ఊపిరి బిగబట్టినట్టున్నాను.

"మంచిగ ఊపిరి తీస్కో. బిగబడితే తప్పొస్తది. మల్ల నన్నే అంటవు."

ఛాతీ, నడుము, భుజం, చేయి, చేతి పొడుగు. ఒక్కొక్కటీ పైకి చెప్పుకుంటూ ఫోన్లో కొట్టుకుంది. నా కొలతలు నేను వినడం అదే మొదటిసారి. కొత్తగా ఏమీ అనిపించలేదు. అంకెల్లాగే ఉన్నాయి.

ఏడాది కార్యానికి ముందు రోజు జాకెట్టు తయారైంది. భుజం దగ్గర కొద్దిగా వదులు, మెడ ఒక పక్క కాస్త పైకి లేచింది. "పట్టిందా చిన్నమ్మా?" అని బిడ్డ మూడు సార్లు అడిగింది. పట్టిందన్నాను. కార్యంలో వంటల దగ్గర ఎవరో చుట్టాలావిడ, కొంచెం తగ్గినట్టున్నవే అంది. తగ్గలేదన్నాను. తర్వాత వికారాబాద్ వచ్చి మందుల షాపు ముందు తూకం మిషన్ ఎక్కాను. తగ్గలేదు.

అక్క ఆది నా బీరువాలో ఉంది. ఉతకలేదు, తొడగలేదు. ప్యారిస్‌లోని దిమ్మెను కూడా పారేయలేదట, అదే గదిలో ఉందట. ఇప్పుడు దాన్ని కూడా మిగతా వస్తువుల్లాగే తూచవచ్చు, తగ్గితే తగ్గిందని చెప్పవచ్చు.

ఆ తర్వాత ఇంకో రెండు జాకెట్లు కుట్టించాను. భుజం దగ్గర పావు అంగుళం తగ్గించమంటే బిడ్డ ఫోన్లో అంకె మార్చింది. గుడ్డ ఎవరైనా తాండూరు వెళ్తుంటే ఇచ్చి పంపుతాను. నా కోసం తొడిగి చూసేవాళ్లు ఎవరూ లేరు. మా ఇంట్లో ఇప్పుడు ఆది పెట్టి కుట్టడం లేదు.